పుల్ల కొనేముందు కొప్పు కొలవండి

మీరు అడిగింది ఇదీ. నడుం దాటిన ఒత్తయిన జుట్టు, గుంటూరులో స్కూలు ఉద్యోగం. పొద్దున వేసిన ముడి సాయంత్రం బడి వదిలేదాకా నిలవాలి. క్లచ్‌లు పళ్ళు ఊడిపోతున్నాయి. ఆన్‌లైన్‌లో తెప్పించిన చెక్క హెయిర్ స్టిక్కులు, అంటే ముడిలో గుచ్చే పుల్లలు, రెండు సెట్లూ విరిగాయి. 300 రూపాయల లోపు ఏళ్ళ తరబడి ఉండేది ఏదైనా ఉందా, లేక చెక్క మానేసి మెటల్ కొనుక్కోవాలా?

చెక్క మానక్కర్లేదమ్మా. 300 కూడా అక్కర్లేదేమో. నేను విజయవాడలో పెళ్ళికూతుళ్ళకి జడలు వేస్తుంటాను, నా జుట్టు కూడా మోకాళ్ళ దగ్గరికి వస్తుంది. ఇన్నేళ్ళలో చేతికి వచ్చిన పుల్లల్ని బట్టి చెప్తున్నా, మనం కట్టే డబ్బులో ఎక్కువ భాగం దాని తలమీద ఉన్న పూసకీ, రాయికీ, అట్టపెట్టెకీ పోతుంది. పుల్లకి బలం ఉండేది చెక్క నార ఎటు పోయిందన్న దాంట్లో, మన ముడికి అది సరైన కొలతా కాదా అన్న దాంట్లో. ఈ రెండూ ఖరీదైనవి కావు.

విరిగిన పుల్లలు ఇంకా పారేయకపోతే ఒకసారి తీసి చూడండి. విరిగిన చోటు ఏటవాలుగా, పొడుగ్గా, కత్తితో కోసినట్టు నున్నగా ఉందా? అయితే నార పుల్ల పొడుగునా నడవకుండా పక్కకి దిగిపోయింది. పలకలోంచి అచ్చు ప్రకారం వరసగా కోసుకుంటూ పోయే మిషన్ పనిలో ఇది మామూలే. రోజ్‌వుడ్ అయినా సరే, నార అలా పక్కకి పోతే ఆ గీత వెంబడే చీలిపోతుంది. అలా కాకుండా తల దగ్గర, గొలుసు కోసమో పూస కోసమో వేసిన బెజ్జం దగ్గర విరిగితే చెక్కని తిట్టుకోకండి. 6 మిల్లీమీటర్ల పుల్లలో 2 మిల్లీమీటర్ల బెజ్జం పెడితే అటూ ఇటూ మిగిలేది రెండేసి మిల్లీమీటర్లే. లోపల నారే కనిపించకుండా పొడిపొడిగా రాలుతుంటే అది చెక్కపొడిని జిగురుతో నొక్కి పైన రంగేసిన సరుకు, దాని గురించి మాట్లాడుకోవడం దండగ. మొన ఒక్కటే విరిగిందంటే మాత్రం అదృష్టం. గరుకు కాగితంతో మళ్ళీ గుండ్రంగా చేసుకుని వాడుకోవచ్చు.

ఇంకో సంగతి. పుల్ల తలలో ఉండగా విరగడం చాలా తక్కువ, పెట్టేటప్పుడే విరుగుతుంది. ముడి బయటి చుట్టు అంచులో పుల్ల గుచ్చి, తల మీది జుట్టు కాస్త అందుకుని, పుల్లని వెనక్కి తిరగేసి, ముడి కిందుగా అవతలి వైపుకి తోస్తాం కదా. ఆ తిరగేసే క్షణంలో బరువంతా మొన వైపు సగం మీదే పడుతుంది. ఒత్తు జుట్టువాళ్ళు తల మీది జుట్టుని మరీ ఎక్కువగా పట్టుకుని, తిరగకపోతే బలం పెడతారు. అప్పుడే టక్‌మంటుంది. తిరగడం లేదంటే లాగేసి, కొంచెం జుట్టు వదిలి, మళ్ళీ పెట్టాలి. సరిగ్గా కుదిరిన పుల్ల రెండు వేళ్ళతో తిరుగుతుంది. పెట్టాక మాడు లాగినట్టు, పోటుగా ఉంటే కూడా అదే కారణం. పుల్ల జుట్టుని లాగి పట్టదు, చుట్టుల మధ్య ఇరుక్కుని నిలబెడుతుంది. అందుకే రబ్బరు బ్యాండు తెంపినంత జుట్టు ఇది తెంపదు.

నడుం దాటిన ఒత్తు జుట్టుని మెలిపెట్టి చుట్టడం కంటే వదులుగా జడ వేసి చుట్టడం మేలు. జడ పాయల మధ్య పుల్లకి పట్టు దొరుకుతుంది, ముడి జారదు, సాయంత్రం విప్పేటప్పుడు చిక్కూ తక్కువ. మెలిపెట్టిన ముడికి రెండు పుల్లలు కావాల్సి వచ్చే జుట్టుకి జడముడి అయితే ఒకటి సరిపోతుంది.

ఇక కొలత. రోజూ ఎలా వేసుకుంటారో అలా ముడి చుట్టి, రెండు యు పిన్నులతో నిలిపి, ఇంట్లో ఎవరినైనా టేపు పట్టమనండి. ముడి అడ్డం ఎంత వస్తే దానికి 3 నుంచి 4 సెంటీమీటర్లు కలపండి. అదీ మీ పుల్ల పొడవు. మామూలు జుట్టుకి 5 అంగుళాలు చాలు. మీరు చెప్పిన ఒత్తుకి ఆరో, ఆరున్నరో పడుతుందనుకుంటాను. షాపుల్లో ఎక్కువగా దొరికేవి ఏడు, ఏడున్నర. అవి అటూ ఇటూ పొడుచుకొచ్చి బస్సు సీటుకీ, కుర్చీకీ, పక్కవాళ్ళ చున్నీకీ తగులుతుంటాయి. తగిలిన ప్రతిసారీ ముడి వదులవుతుంది. పొట్టి పుల్ల అయితే అవతలి చుట్టు అందుకోకుండానే లోపల ఆగిపోతుంది. లావు సంగతి, మధ్యలో 6 మిల్లీమీటర్లు ఉంటే చెక్కకి బాగుంటుంది, అంటే కొత్త పెన్సిల్ కంటే ఒక పిసరు సన్నం.

పెన్సిల్ అన్నాను కాబట్టి, డబ్బు ఖర్చుపెట్టే ముందు ఒక వారం పెన్సిల్‌తోనే వేసుకుని చూడండి. టీచరుగారి దగ్గర పెన్సిళ్ళకి కరువేముంది. నూడుల్స్ పార్సిల్‌తో వచ్చే వెదురు పుల్లలు ఇంకా నయం. కావలసిన పొడవుకి కోసి మొన అరగదీస్తే మీకు ఎంత పొడవు, ఎంత లావు సుఖంగా ఉంటుందో పైసా ఖర్చు లేకుండా తేలిపోతుంది. వెదురు పుల్లని శాశ్వతంగా వాడొద్దు. అది సన్నటి ఈనెలుగా లేస్తుంది, మన చెమటకీ వానాకాలం తేమకీ బూజు పడుతుంది.

మనకి కొండపల్లి పక్కనే ఉంది కదా, అక్కడ చేయించుకుంటే బాగుంటుందా అని చాలామంది అడుగుతారు. కొండపల్లి బొమ్మలకి వాడేది తెల్లపొణికి కర్ర. చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు, ఉలికి సులువుగా లొంగుతుంది, అంబారీ ఏనుగు మీద అంత పని చేయగలిగేది అందుకే. ఆ మెత్తదనం పుల్లకి పనికిరాదు. ఏటికొప్పాక లక్క బొమ్మలది అంకుడు కర్ర. అదీ తేలికే, పైగా పైనున్న లక్కకి వేడి పడదు. మే నెల ఎండలో స్కూటీ డిక్కీలో వదిలేసే అలవాటుంటే దాని జోలికి వెళ్ళకండి. ఎగ్జిబిషన్ స్టాళ్ళలో లక్క పుల్లలు కనబడితే కాస్త లావుపాటివి చూసుకుని పండక్కీ పేరంటానికీ ఉంచుకోండి, రంగులు చాలా బాగుంటాయి.

రోజువారీ వాడకానికి కావలసింది చేవ దేరిన గట్టి కర్ర. మన ఊళ్ళలో రైతులు పారకీ గొడ్డలికీ కామ దేనితో వేస్తారో, బండిచక్రం దేనితో చేసేవారో చూస్తే చాలు. నల్లతుమ్మ, చండ్ర, చింత చేవ. ఇవి దెబ్బకి ఓర్చుకునే కర్రలు. రోజ్‌వుడ్, షీషమ్ కూడా మంచివే, ఆన్‌లైన్‌లో పేరు చూసి కొనేది ఎక్కువగా వీటినే. టేకు ఫర్వాలేదు, పుల్ల కాస్త లావుగా ఉంచుకోవాలి. మామిడి వద్దు. నెల్లూరు జిల్లా ఉదయగిరి చెక్క చెంచాలు, గరిటెలు చూసే ఉంటారు, నర్ది, బిక్కి లాంటి కొండ కర్రలతో చేస్తారు. వేడి కూరలో, నీళ్ళలో రోజూ నలిగి తట్టుకునే సరుకు అది. లేపాక్షి షోరూముల్లోనో చేనేత, హస్తకళల మేళాల్లోనో అది కనబడితే, కాడ తిన్నగా ఉన్న పొడుగు చెంచా ఒకటి తీసుకుని కాడ కోయించుకున్నా చక్కటి పుల్ల వస్తుంది. చెంచాని పాడుచేయడానికి మనసొప్పాలి మరి.

ఎర్రచందనం పుల్లలంటూ ఫుట్‌పాత్ మీద అమ్మేవి నమ్మకండి. అసలు ఎర్రచందనం చేవ నీళ్ళలో మునుగుతుంది, ఈ పుల్లలు తేలతాయి. ఒకవేళ నిజందే అయితే ఇంకో తలనొప్పి, దాని కొనుగోలూ అమ్మకం మీద ప్రభుత్వ ఆంక్షలు ఉన్నాయి. సరైన బిల్లు ఇచ్చే చోట తప్ప ముట్టుకోవద్దు.

మా విజయవాడ బీసెంట్ రోడ్డులోనైనా, మీ గుంటూరు లాలాపేట, పట్నంబజారు ఫ్యాన్సీ షాపుల్లోనైనా కొనేటప్పుడు చేతిలో పట్టుకుని చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. షాపువాళ్ళు బన్ స్టిక్ అంటారు, జూడా పిన్ను అని కూడా అంటారు, ఎలా అడిగినా ఇస్తారు. ముందు గాజు కౌంటరు మీద దొర్లించండి. తిన్నగా ఉంటే ఒకే చప్పుడుతో దొర్లుతుంది, వంకర ఉంటే ఎగిరెగిరి పడుతుంది. తర్వాత వెలుతురు వైపు పెట్టి నార గీతలు చూడండి. ఆ గీతలు మొన నుంచి తల దాకా నడవాలి. మధ్యలోనే పక్కకి వెళ్ళి అంచు దగ్గర ఆగిపోతే ఆ పుల్ల పెట్టేయండి. నల్లగా పెయింటు కొట్టి నార కనిపించకుండా చేసినవైతే చూడ్డానికే ఉండదు, అలాంటివి చవకైనా వద్దు. మీ షిఫాన్ చున్నీ కొస మీద మొనని మెల్లగా లాగండి. ఒక్క పోగు పట్టుకున్నా అది రేపు మీ వెంట్రుకనీ పట్టుకుంటుంది. ఆఖరుగా, పర్సులో ఎప్పుడూ ఉండే తెల్ల జేబురుమాలు. దాని కొసకి కాస్త కొబ్బరినూనె రాసుకుని వెళ్ళి, పుల్లని గట్టిగా రుద్దండి. గోధుమరంగో నలుపో అంటిందంటే అది అద్దకం. మన ఎండలకి, చెమటకి, తలనూనెకి ఆ రంగు మాడు మీదికీ, జాకెట్టు మెడ మీదికీ దిగుతుంది. షాపతను కొంచెం విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి.

ఇంతా చేసి నా ఓటు మాత్రం చేయించుకోవడానికే. మంచం కోళ్ళు, మెట్ల కటకటాలు తిప్పే టర్నింగ్ షాపులు, కార్పెంటరు షెడ్లు ఏ ఊళ్ళోనైనా ఉంటాయి, అక్కడ మీక్కావలసినంత ముక్క తుక్కులో పడి ఉంటుంది. కర్ర ఏదని అడిగి, చేవ ముక్క ఏరుకోండి. చేవ ముదురు రంగులో ఉంటుంది, బయటి తెల్ల చెక్క పురుగు పడుతుంది. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. రంపంతో కోయొద్దనండి, ఉలి పెట్టి నిలువునా చీల్చమనండి. రంపం తనకి గీసిన గీత వెంబడి పోతుంది, చీలిక నార వెంబడి పోతుంది. చీల్చిన ముక్కలోంచి చెక్కిన పుల్లలో నార మొదటి నుంచి చివరిదాకా తెగకుండా ఉంటుంది. చీల్చినప్పుడు మెలి తిరిగిన ముక్క వస్తే ఆ కర్ర పనికిరాదని అక్కడే తెలిసిపోతుంది, ఇంకోటి తీస్తారు. ఆ చీలికని చిత్రికతో గుండ్రం చేసి, ఒక కొస 3 మిల్లీమీటర్ల దాకా సన్నం చేయించండి. మొనని అరచేతిలో గట్టిగా నొక్కుకున్నా గుచ్చుకోకూడదు. తల వైపు ఊరికే గుండ్రంగా వదిలేస్తే చాలు. నగిషీ గాడులు వద్దు, గాడి పెట్టిన ప్రతి చోటా పుల్ల బలహీనమవుతుంది, జుట్టూ చిక్కుకుంటుంది.

నున్న చేసే పని మీరే చేసుకోండి, కార్పెంటరుకి అంత ఓపిక ఉండదు. 220 నంబరు సాండ్ పేపర్‌తో మొదలుపెట్టి 400, తర్వాత 600. ఎప్పుడూ నార వెంబడే రుద్దాలి, అడ్డంగా కాదు. 400 అయ్యాక తడిగుడ్డతో ఒకసారి తుడిచి ఆరనివ్వండి. వేలితో తడిమితే మళ్ళీ గరుకుగా తగులుతుంది, పడుకున్న నార నీటికి లేచిందన్నమాట. ఇప్పుడే అది లేపి రుద్దేస్తే రేపు చెమటకి లేవదు. ఈ పని ఎగ్గొట్టిన పుల్ల కొన్నాళ్ళకి జుట్టుని పట్టడం మొదలుపెడుతుంది. షాపులో కొన్నదానికైనా ఇది చేసుకోవచ్చు. పైన వార్నిష్ వద్దు. వార్నిష్ పెచ్చులూడుతుంది, కొబ్బరినూనె రాసిన జుట్టులో జారుతుంది కూడా. తినే రకం అవిసె నూనె రెండు చుక్కలు రాసి, గంటాగి పైన మిగిలింది తుడిచేసి, జిడ్డు తగలకుండా ఆరేదాకా గాలికి వదిలేయండి. అవిసె నూనె ఆరి గట్టిపడుతుంది. కొబ్బరినూనె అలా ఆరదు, జిడ్డుగానే ఉండి కొన్నాళ్ళకి కంపు కొడుతుంది. నూనె తుడిచిన గుడ్డని ఉండచుట్టి మూలన పడేయొద్దు, దానంతటదే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. పరిచి ఆరేసి పారేయండి.

మెటల్ సంగతి అడిగారు. షాపుల్లో పూలూ ఆకులూ పోతపోసి ఉండే ఫ్యాన్సీ మెటల్ పుల్లలు చెక్కకంటే ముందే విరుగుతాయి. పోత లోహం వంగదు, విరుగుతుంది. పైపూత లేచిన చోట జుట్టు తెగుతుంది, కొందరికి దాని కింది నికెల్‌తో దురద కూడా వస్తుంది. ఇత్తడి కడ్డీ విరగదుగానీ, నూనె, చెమట కలిసి ఆకుపచ్చ చిలుము పడుతుంది, వారానికోసారి చింతపండుతో తోముకునే ఓపిక ఉండాలి. అన్నింటిలో మొండిది స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ. ఆటోనగర్‌లో స్టీలు పని చేసే వెల్డింగ్ షాపుకి వెళ్ళి టిగ్ వెల్డింగ్‌కి వాడే స్టీలు రాడ్డు ఒకటి అడగండి. 3.2 మిల్లీమీటర్ల లావు, మీటరు పొడవు ఉంటుంది. ఒక్క రాడ్డుకి 16 సెంటీమీటర్ల పుల్లలు ఆరు వస్తాయి, కొసలు గ్రైండరు మీద గుండ్రం చేయించుకుంటే సరి. మీ పిల్లల కాలానికి కూడా అవి అలాగే ఉంటాయి. కాకపోతే సన్నగా, నున్నగా ఉంటుంది కాబట్టి మీ ఒత్తుకి ఒక్కటి జారుతుంది, రెండు పెట్టాలి. లేదా అదే కడ్డీని యు ఆకారంలో వంచించుకుంటే రెండు కాళ్ళ పిన్ను అవుతుంది, పల్చటి జుట్టువాళ్ళకీ పట్టులాంటి జుట్టువాళ్ళకీ పుల్లకంటే అదే నిలుస్తుంది.

ప్లాస్టిక్, అక్రిలిక్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. పారదర్శకంగా, రంగురంగుల్లో బాగుంటాయి. హెయిర్ స్ప్రే, సెంటు, శానిటైజర్ తగిలితే అక్రిలిక్‌లో సన్నటి పగుళ్ళు పడతాయి, ఒకరోజు రెండు ముక్కలవుతుంది. గేదె కొమ్ముతో చేసినవి ఉంటాయి, ఉత్తరప్రదేశ్‌లోని సంభల్ వైపు ఆ పని ఎక్కువ. చాలా నున్నటి సరుకే, కానీ నీళ్ళలో నానితే పొరలు లేస్తుంది, వాడకుండా పెడితే పురుగు తింటుంది. కొందరి ఇళ్ళల్లో అభ్యంతరమూ ఉంటుంది.

పూసలూ రాళ్ళూ ఇష్టమైతే మానుకోమనట్లేదు. వాటిని పుల్లకి పెట్టించుకోకండి, అంతే. పుల్ల తల బరువైతే నడుస్తుంటే తిరుగుతూ ఉంటుంది, ముడి సడలుతుంది. చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ బిళ్ళ ఒకటి యు పిన్నుకి కట్టుకుని ముడి పక్కన దోపుకుంటే చూసేవాళ్ళకి పుల్ల మీదే ఉన్నట్టుంటుంది. మల్లెపూలు పెట్టుకునే రోజుల్లో దండని కూడా యు పిన్నులతో ముడికే నిలపండి. పుల్లకి చుడితే, ముడి సర్దుకోవాలని పుల్ల తీసినప్పుడు దండంతా ఊడి వస్తుంది.

తలంటుకున్న రోజు జుట్టు పూర్తిగా ఆరేదాకా పుల్ల వద్దు. తడి జుట్టు సాగుతుంది, ఆ సాగిన స్థితిలో బిగిస్తే తెగుతుంది, చెక్కకీ తడి మంచిది కాదు. అప్పటిదాకా కొస ముడేసుకుని వదిలేయండి.

స్కూటీ మీద వెళ్ళేటట్టయితే హెల్మెట్ కింద పుల్ల పెట్టనే పెట్టొద్దు, చెక్కదైనా స్టీలుదైనా. హెల్మెట్ సరిగా కూర్చోదు. పడితే ఆ పుల్ల ఎటు దిగుతుందో చెప్పలేం. కింద జడ వేసుకుని వెళ్ళి, స్కూల్లో దిగాక ముడి చుట్టుకోండి. అలవాటైన చేతికి అర నిమిషం పని. కారులో సీటుకి తల ఆనించి కూర్చునేటప్పుడూ, చంటిపిల్లల్ని భుజాన వేసుకునేటప్పుడూ అంతే, తీసి బ్యాగులో పెట్టుకోండి. బ్యాగులో పుల్లకి పాత కళ్ళజోడు డబ్బా ఒకటి ఉంచండి, విడిగా పడేస్తే తాళంచెవులు గీకి మొన పాడుచేస్తాయి.